గ్యాసే తల్లీ

మంగళగిరి పక్కన ఒక మెడికల్ కాలేజీలో పెద్దబ్బాయి రోజూ పొద్దున తొమ్మిదింటికి చచ్చిపోతాడు. తొమ్మిదీ పదికల్లా లేచి కూర్చుంటాడు. మనిషి కాదు, డాక్టర్లకు తర్ఫీదిచ్చే రబ్బరు బొమ్మ. గుండె కొట్టుకుంటుంది, నాడి దొరుకుతుంది, ప్రాణం పోతే మంచం అంచున ఎర్ర బొత్తాం నొక్కితే తిరిగొస్తుంది. ఆ తర్వాత కూడా బ్యాచికోసారి, రోజుకి మూడేసి లెక్కన, నాలుగేళ్లలో నాలుగువేల చావులు చచ్చాడు. యముడి దున్నపోతుకి ఆ ల్యాబ్ దారి కంఠతా వచ్చేసిందంటే చూసుకోండి.

అందులో సగం చావులు హౌస్‌సర్జన్ అక్షయ చేతిలోనే. ఆమె ఛాతీ నొక్కుతుంటే కృష్ణ మీది బ్యారేజీ గేట్లు డెబ్బయ్యీ ఒకే తాళంలో లేచి దిగుతున్నట్టుండేది.

కంపెనీవాళ్లు బొమ్మకి నేర్పిన మాట ఒకటే: "డాక్టర్, ఛాతీలో నొప్పి." కానీ ల్యాబ్ తుడిచే పామర్రు సంపూర్ణమ్మ రోజూ కబుర్లు చెప్పగా చెప్పగా వాడికి ఆ ఊరి మాట అంటుకుంది.

"నొప్పెక్కడ?" అని అక్షయ అడిగితే, ఎడమచెయ్యి దుప్పట్లో దాచుకుని, "నొప్పేం లేదు తల్లీ, గ్యాసే. గోళీసోడా తాగితే పోద్ది," అనేవాడు.

"సార్, వీడు అబద్ధాలాడుతున్నాడు."

"కృష్ణా నీళ్లు ఒంటబట్టాయమ్మా. ఈసీజీ తియ్యి," అన్నారు ప్రొఫెసర్ లక్ష్మీకాంత్, రిజిస్టర్లోంచి తలెత్తకుండా.

అక్షయ భయం వేరే. రెండువేలసార్లు బొత్తాం నొక్కిన వేలు, బొత్తాం లేని మనిషి ముందు ఏం చేస్తుందో.

ఒక మంగళవారం పదకొండింటికి ఆ మనిషి క్యాజువాలిటీకి రానే వచ్చాడు. పేరు రామకోటేశ్వరరావు, పామర్రు రైతు. భార్య శివపార్వతి బలవంతాన లాక్కొచ్చింది.

"గ్యాసేనండీ డాక్టరుగారూ. పెసరట్టు ఒకటి ఎక్కువైంది. ఈవిడదంతా కంగారు."

"ఒకటా? నాలుగు తిన్నారండీ."

చెమట లేదు, నాడి బాగానే ఉంది. మాత్ర రాసి పంపేద్దామని అక్షయ కలం తీసింది. అప్పుడు చూసింది, ఆయన ఎడమచెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు.

"పడుకోండి బాబాయిగారూ. ఈసీజీ తీద్దాం."

తీగలు అంటించడం పూర్తవుతూనే గుండె ఆగింది.

అక్షయ వేలు మంచం అంచుని తడిమింది. బొత్తాం లేదు. ఆ ఒక్క క్షణం కృష్ణమ్మ కూడా పారడం మానేసింది. తర్వాత చేతులు వాటంతటవే లేచి, బొమ్మ దగ్గర నేర్చిన తాళం అందుకున్నాయి. పక్కటెముక పటుక్కుమంది. బొమ్మకి ఎన్నడూ విరగలేదు. ఆమె ఆగలేదు. షాక్ ఇచ్చారు, మళ్లీ నొక్కింది. సరిగ్గా పదకొండూ ఇరవైకి ఆయన దగ్గి, "సోడా," అన్నాడు.

సాయంత్రం ల్యాబ్‌కెళ్తే సంపూర్ణమ్మ పెద్దబ్బాయి ముఖం తుడుస్తోంది.

"స్విచ్చయినా వెయ్యలేదమ్మా. పదకొండూ ఇరవైకి గట్టిగా ఊపిరి తీసి పోయాడు. ఎడమచెయ్యి బయటపెట్టి మరీ."

లక్ష్మీకాంత్ రిజిస్టర్లో ఆ టైము రాసి సంతకం పెట్టారు.

అక్షయ బొత్తాం నొక్కింది. మళ్లీ నొక్కింది. లేవలేదు. మెల్లగా ఆ రబ్బరు ఛాతీ మీద అరచెయ్యి వేసింది. ఎడంవైపు, ఒక పక్కటెముక విరిగి ఉంది.