ఇంట్లోవాళ్ల గది

ఆరబోసిన మిరపకాయల మీద ఎండ.

ఘాటు... ముక్కులోకి, కళ్లలోకి, గొంతులోకి.

కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లందరూ దగ్గుతున్నారు. అంకమ్మ ఒక్కతే దగ్గడం లేదు. ఆవిడ గొంతు ఎప్పుడో కాలిపోయింది, మిరపకాయతో కాదు.

ఒళ్లు నొప్పులకని మొదలైంది. పొద్దంతా వంగి కాయ కోస్తే నడుం విరిగిపోదూ? చేతుల మంటకి మజ్జిగ, ఒంటి నొప్పికి మందు. కొన్నాళ్లకి నొప్పి లేకపోయినా మందు. ఆ తర్వాత పొద్దున్నే చేతులు వణక్కుండా మందు.

మగాడు తాగితే అలసిపోయాడంటారు. ఆడది తాగితే తెగించిందంటారు.

పోనీ, తెగించిందనే అనుకోండి!

ఆ రోజు కాయల కుప్ప మీదే వాలిపోయింది. ఎండదెబ్బనుకున్నారు తోటి ఆడవాళ్లు. మొగుడు బుల్లయ్య వచ్చి లేపాడు. చుక్క ముట్టని మనిషి. ఊళ్లో ఓ ఆసామి దగ్గర ట్రాక్టరు డ్రైవరు, మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకి తోలతాడు. ఒక్క మాట అనకుండా ఆవిడ మొహం కడిగి, గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇంకో సీజను ఇలాగే తాగితే నువ్వుండవు," అంది డాక్టరమ్మ, మాత్రలు రాసిస్తూ. "పక్క సందులో మేడ మీద ఆదివారం మధ్యాహ్నం మీటింగుంటుంది. మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుని చెప్పుకుంటారు. వెళ్లు."

వెళ్లింది. మొగుణ్ణి రావద్దని చెప్పి మరీ, ఒంటరిగా వెళ్లింది.

మెట్ల పైన హుస్సేన్ సాహెబ్ గారు నిలబడి ఉన్నారు. తెల్లగడ్డం, చేతిలో టీ ఫ్లాస్కు. తాగుడు మానేసి చాలా ఏళ్లయిన మనిషి, ఆ మీటింగుకి పెద్ద. ఆవిణ్ణి చూడగానే జాలిగా తలూపారు.

"ఇంట్లోవాళ్ల గది ఎడమ పక్కనమ్మా."

ఎడమ గదిలో అందరూ ఆడవాళ్లే — తాగేవాళ్ల పెళ్లాలు, తల్లులు. కుడి గదిలో అందరూ మగవాళ్లే.

నా కోసమే వచ్చానండీ... అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అక్కడే ఆగింది.

కాయ కోతల్లో ముఖపరిచయమున్న పక్కూరి రెబ్కా జరిగి చోటిచ్చింది. చెయ్యి పట్టుకుంది. "మీ ఆయన బాగా తాగుతాడా అక్కా?"

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఎవరైనా తన చెయ్యి అలా పట్టుకుని ఎన్నాళ్లయిందో...

"తాగుతాడమ్మా," అంది అంకమ్మ.

ఆ పైన నోరు ఆగలేదు. తను చేసినవన్నీ ఆయన చేశాడంది. చీకట్లో మందు కొట్టు ముందు పడిపోయింది ఆయనే అంది. సీసా పప్పు డబ్బాలో దాచింది ఆయనే అంది. విన్నవాళ్లందరూ ఏడ్చారు. ఆవిడా ఏడ్చింది. చెప్పినదాంట్లో ఆ ఏడుపొక్కటే నిజం.

ఆ గదిలో మాట గడప దాటకూడదు. కానీ రెబ్కాది మంచి మనసు... ఆ మంచి మనసే కొంప ముంచింది. సంతలో బుల్లయ్య కనపడితే పదిమందిలో ఆపింది.

"అన్నా, తాగుడు మానెయ్యి. అక్క ఏడ్చి ఏడ్చి సగమైపోయింది."

బుల్లయ్య ఏమన్నాడు?

"సరేనమ్మా," అన్నాడు.

అంతే అన్నాడు! తాగేది నేను కాదు అనలేదు. మా ఆవిడ అనీ అనలేదు.

మాట ఆసామి చెవిన పడింది. తాగుబోతు చేతికి ట్రాక్టరు ఎవడిస్తాడు? యార్డుకి లోడెత్తే రోజే తాళం లాక్కున్నాడు.

పక్కింటివాళ్లు చెప్తే అంకమ్మకి తెలిసింది.

"నోరు లేదా నీకు?" అని మొగుడి మీద అరిచింది. "కాదని చెప్పలేకపోయావా?"

"చెప్తే నిన్నంటారుగా," అన్నాడు బుల్లయ్య.

ఆ సాయంత్రం కాళ్లు వాటంతటవే కొట్టు వైపు నడిచాయి. నడిచాయి... సగం దారిలో నిలబడ్డాయి. ఒళ్లంతా చెమట. ఇప్పుడు తాగితే ఆయన పేరు మీదే తాగాలి.

ఛీ! నా తాగుడు నాది. నా సిగ్గూ నాదే. ఎవరి నెత్తినా రుద్దను.

వెనక్కి తిరిగింది. ఇంటికి కాదు — తిన్నగా ఆసామి గుమ్మంలోకి.

"తాగేది నేనండీ. ఆయన కాదు. తాళం ఇచ్చెయ్యండి."

ఆసామి నవ్వాడు. "మొగుణ్ణి బాగానే వెనకేసుకొస్తున్నావే! పోవమ్మా, పో."

చూశారా? అబద్ధం ఒక్క పూటలో ఊళ్లు తిరిగొచ్చింది. నిజం గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

నమ్మకపోతే మానె! ఆదివారం బుల్లయ్యని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

మెట్ల పైన హుస్సేన్ సాహెబ్ గారు మళ్లీ ఎడమకే చెయ్యి చూపించారు.

"ఎడమ గది ఆయనకండీ," అంది అంకమ్మ. "నాకు కుడిది."

సాహెబ్ గారు ఆవిణ్ణి చూశారు, బుల్లయ్యని చూశారు. మెల్లగా పక్కకి తప్పుకున్నారు.

బుల్లయ్య వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, తలొంచుకుని. రెబ్కా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుడి గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఆడమనిషి ముందు మేమేం చెప్పుకుంటామండీ?" అన్నాడొకడు వెనక నుంచి.

అంకమ్మ ఖాళీ కుర్చీ లాక్కుని అందరి మధ్యలో కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. దాచలేదు.

"చెప్పుకోలేకపోతే వినండి," అంది. గోడ అవతలికి, మెట్ల కిందికి, సందు చివరిదాకా వినపడేలా గొంతెత్తింది.

"నా పేరు అంకమ్మ. మా ఆయన చుక్క ముట్టడు. తాగేది నేను. రేపు తాగనని ఒట్టు వెయ్యలేను... కానీ ఇంక తాగినా, మానినా — నా పేరు మీదే!"