ఫైనల్లో మొగుడి సలహా

గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడిటోరియం. ముందు వరుసలో కూర్చున్న శశిభూషణ్, వేదిక మీద వీడియో గేమ్ ఆడుతున్న భార్య రచన ఓడిపోవాలని మనసారా కోరుకుంటున్నాడు. పైకి మాత్రం చిరునవ్వు చెదరనీయలేదు. జూనియర్ కాలేజీ లెక్చరరు కదా, పిల్లల జవాబు పత్రాలు దిద్ది దిద్ది ముఖం అదుపులో పెట్టుకోవడం అలవాటైపోయింది.

అన్యాయం కాక మరేమిటి? తెర మీద ఇద్దరు కొట్టుకునే ఈ ఫైటింగ్ గేమ్ కొన్నది తను. ఏ బటన్ నొక్కితే ఏ దెబ్బ పడుతుందో రచనకి నేర్పింది తను. టోర్నమెంటుకి ఆమె పేరు కూడా తనే ఇచ్చాడు, తోడు కోసమని. తీరా చూస్తే తను ఆటలో కత్తి పట్టిన అందగాడి బొమ్మని ఎంచుకుని, మొదటి రౌండులోనే తన క్లాసు పిల్ల చేతిలో చిత్తయ్యాడు. "బాగా ఆడారు సార్" అని ఆ పిల్ల ఓదార్చింది కూడా. రచన మాత్రం పొట్ట వేలాడే ముసలి పహిల్వాన్ని పట్టుకుని, కుక్కరు కూతల కోసం ఎదురుచూసినంత నింపాదిగా, ఎదుటివాళ్ళు విసుగెత్తి పొరపాటు చేసేదాకా దెబ్బలు కాచుకుంటూ ఫైనల్ దాకా వచ్చేసింది.

"ఏరా, మా చెల్లెమ్మ ఇరగదీస్తోంది. నువ్వు కూడా ఆవిడ దగ్గర ట్యూషన్ పెట్టించుకో" అన్నాడు పక్కనున్న నాగేంద్రబాబు. మిర్చియార్డులో వ్యాపారం చేసే పాత స్నేహితుడు.

ఫైనల్లో ఆమెకి ఎదురు పడ్డది చీరాల నుంచి వచ్చిన వాసిం. చెరొక ఆటా గెలిచారు. ఆఖరి ఆటకి ముందు, ఆడేవాళ్ళ దగ్గరికి ఎవరైనా ఒకరు వెళ్ళి సలహా చెప్పొచ్చని అక్కడి నియమం. రచన వెనక్కి తిరిగి మొగుడి కోసం చూసింది. శశిభూషణ్ వెళ్ళి కుర్చీ పక్కన వంగాడు.

"ఏమండీ, ఆ అబ్బాయి వెనక్కి జరిగాక ఏం చేస్తాడో అంతు పట్టట్లేదు. మీకేమైనా కనబడిందా?"

కనబడింది. వెనక్కి జరిగిన ప్రతిసారీ వాసిం బొమ్మ గాల్లోకి ఎగిరి తంతోంది. లేచి కొడితే అక్కడే కూలుతుంది. ఆ మాట శశిభూషణ్ నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక వరుసల్లోంచి "రచనక్కా, రచనక్కా" అని అరుపులు లేచాయి. వాటన్నిటి మీదా అతని క్లాసు పిల్ల గొంతు.

"కాళ్ళ మీద కొడతాడు. కూర్చుని కాచుకో" అన్నాడు.

రచన ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, "సరేనండి" అంది.

ఆట మొదలైంది. వాసిం బొమ్మ వెనక్కి జరిగింది. పహిల్వాను కూర్చోలేదు. లేచి, గాల్లో ఉన్నవాడికి అరచేత్తో ఒక్కటిచ్చాడు. వాడు మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ తిన్నాడు. మూడోసారి లేవలేదు.

కప్పు అందుకుని రచన మైకులో, "ఆఖర్లో మావారిచ్చిన సలహా వల్లే గెలిచాను" అంది. జనమంతా శశిభూషణ్ వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఒక్కొక్క చప్పుడూ పహిల్వాను చెయ్యి లాగే తగిలింది.

"ఏం చెప్పావురా?" అనడిగాడు నాగేంద్రబాబు.

"ఎగురుతాడు, లేచి కొట్టు అని" అన్నాడు శశిభూషణ్. ముందే తెలిసిన సంగతి కాబట్టి అబద్ధంలా కూడా అనిపించలేదు.

స్కూటర్ మీద ఇంటికి వెళుతూ అతనే కదిపాడు.

"నేను చెప్పినట్టు చెయ్యలేదేం?"

"మా అమ్మ పెట్టిన పులుసు బ్రహ్మాండంగా ఉందని చెప్పేటప్పుడు ఒక ముఖం పెడతారే, ఇందాక అదే పెట్టారు."

"మరి మైకులో అలా ఎందుకన్నావ్?"

"అందులో అబద్ధమేముంది? మీరు కూర్చోమన్నారు కాబట్టే నిలబడాలని తెలిసింది. వచ్చే నెల విజయవాడలో పెద్ద పోటీ ఉందట. సలహా చెప్పడానికి మీరూ రావాలి."

ఇద్దరి మధ్యా ఇరికించిన కప్పు, రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా శశిభూషణ్ వీపులో దిగుతోంది.

"దాన్ని కాస్త పక్కకి జరుపు, గుచ్చుకుంటోంది."

"జరిపితే గీతలు పడతాయండీ" అని రచన ఇంకాస్త ముందుకి జరిగి కూర్చుంది.