ముత్యానికి నిండు పేరు

కోడలు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అత్తగారు పట్టిన కుందేలుకు ఆ మూడూ కూడా ఉండవు. మధ్యలో ఆ ఇంటి కొడుకు అడకత్తెరలో పోకచెక్క. అందుకే మూడో నెల వచ్చినా పాప పేరు పాపే.

"మా అమ్మ పేరు పెడతాను. మార్గరెట్," అంది కోడలు.

"ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదు," అంది అత్తగారు పాలసీసా కడుగుతూ.

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకంటే వద్దని."

కోడలి తల్లి కాన్పుకు కాస్త ముందే పోయింది. మనవరాలిని కళ్లారా చూసుకోలేదు. ఇప్పుడు ఆ పేరూ దక్కకపోతే అమ్మ రెండోసారి పోయినట్టేనని కోడలి బాధ. మొగుణ్ణి అడిగితే, "నేను పుట్టకముందు సంగతేదో ఉంది. కదిపితే అమ్మ అన్నం మానేస్తుంది," అని మెల్లగా జారుకున్నాడు.

కోడలు పనిచేసేది పెళ్లిగౌన్లు కుట్టే దుకాణంలో. మెడ చుట్టూ ముత్యాల పూసలు కుట్టడం ఆమె వంతు. ఒక్కో పూసకు విడిగా ముడి వెయ్యాలి, ఒకటి ఊడినా మిగతావి రాలకుండా. ఆ రోజు ముళ్లు బిగించి బిగించి దారాలు తెంపుతుంటే, పక్కన బొత్తాలు కుట్టే ఆవిడ కోపం సంగతి అడిగి తెలుసుకుని నవ్వింది.

"వీధి తలుపు మూస్తే దొడ్డిదారి లేదా? మార్గరెట్ అంటే పాత గ్రీకులో ముత్యమే. మా అక్క గ్రేటా, మా వదిన మార్గరీటా, మా మేనత్త పెగ్గీ. అంతా ఒకటే ముత్యం."

"పెగ్గీ ఎలా అయింది?"

"మార్గరెట్‌ని ముద్దుగా మెగ్ అన్నారు, మెగ్ కాస్తా పెగ్ అయింది. ముద్దుపేర్లకు వ్యాకరణమా? నువ్వు మార్గరీటా తల కోసెయ్. రీటా మిగుల్తుంది."

సాయంత్రం కోడలు, "రీటా అని పెడదామా అత్తయ్యా?" అంది. అత్తగారు ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, "పెట్టుకో," అంది.

గెలిచినా కోడలికి ముద్ద దిగలేదు. అమ్మను దొంగచాటుగా ఇంట్లోకి తెచ్చినట్టయింది. తెల్లారగానే ఉతికిన పాప గుడ్డలు మడతపెడుతున్న అత్తగారి ముందు నిలబడింది.

"రీటా కూడా మా అమ్మ పేరేనత్తయ్యా. తిట్టండి, పడతాను. పేరు మాత్రం మార్చను."

"తెలుసులేవే," అంది అత్తగారు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "నీ మొగుడి కంటే ముందు నాకో ఆడపిల్ల. కాగితాల్లో మార్గరెట్, నా నోట్లో పెగ్గీ. పిల్ల పోయాక కూడా అలవాటు కొద్దీ పిలిచేదాన్ని. పలికేవాళ్లు లేరు. మళ్లీ ఆ పేరు పిలవాలంటే భయమే నాకు."

అయినా కోడలు పట్టు వదల్లేదు. పాపను తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది.

"ఒక్కసారి పిలవండి."

అత్తగారు రెండుసార్లు నోరు తెరిచి మూసింది. చివరికి, "పెగ్గీ," అంది.

పాప తల తిప్పి ఆమె మొహంలోకి చూసి, "ఊఁ," అంది.

అత్తగారు చేతిలోని గుడ్డతోనే కళ్లు తుడుచుకుంది.

"తల కోసిన పేరెందుకే దీనికి? నిండుగా పెట్టు."