తిప్పమ్మ సత్తుగిన్నె

పెట్టే చెయ్యేదో, అడిగే చెయ్యేదో పోల్చుకోలేని మనిషి మెడలో ఎంత ఖరీదైన కెమెరా వేలాడితే మాత్రం ఏం లాభం? లక్ష్మీనరసమ్మకు ఈ సంగతి జర్మనీ దేశంలో, కొలోన్ రైల్వేస్టేషన్ బయట నిలబడ్డప్పుడు తెలిసివచ్చింది. అప్పుడు మండిన కడుపు ఇవాళ్టికీ చల్లారలేదు.

నరసమ్మది కంబదూరు దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే కూలి. పదో తరగతి పాసై, కరువు సాయానికి వచ్చిన ఒక విదేశీ సంస్థలో ఆరోగ్య కార్యకర్తగా చేరింది. మందులివ్వడం, కాన్పులకు తోడుండటం ఆమె పని. పని బాగా చేస్తోందని ఎనభై ఆరులో ఆ సంస్థవాళ్ళే ఏడాది చదువుకు జర్మనీ పంపారు. ఒక చిన్న ఊళ్ళో ఆస్పత్రి, దాని వెనకే హాస్టలు, నానా దేశాల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళలో తెలుగు మాట్లాడేవాడు చిలమత్తూరు కుళ్ళాయప్ప ఒక్కడే. అతన్నీ ఆ సంస్థే పంపింది.

మే నెలలో వాళ్ళ పండగేదో సోమవారం పడి మూడు రోజులు వరస సెలవులొచ్చాయి. టీచరు హెల్గా క్లాసు మొత్తాన్ని కొలోన్ నగరం చూపించడానికి బయల్దేరదీసింది. హెల్గా మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత కోపంలో మరిచిపోతాం. నరసమ్మకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న తల్లి ఆమె.

శనివారం పొద్దున రైలు దిగి బయటికి రాగానే ఎదురుగా నల్లటి పెద్ద చర్చి. పిల్లలందరూ మెడలు వెనక్కి వాల్చి దాని గోపురాలు చూస్తున్నారు. నరసమ్మ చూపు మాత్రం ఇవతల ఉన్న లావుపాటి గుండ్రటి స్తంభం మీద పడింది. ఊళ్ళో ప్రకటనలన్నీ దానికే అంటిస్తారు. ఒక పక్క సబ్బు, ఇంకో పక్క సిగరెట్టు. రెండిటి మధ్యా వాళ్ళమ్మ.

మనిషంత నలుపు తెలుపు బొమ్మ. ముందుకు వంగి, రెండు చేతులతో సత్తుగిన్నె చాచి ఉంది తిప్పమ్మ. ఎండకు చికిలించిన కళ్ళు బొమ్మలో ఏడుపు కళ్ళయిపోయాయి. కింది నుంచి తీసిన ఫొటో కాబట్టి గిన్నె అడుగే తప్ప లోపల ఏముందో కనపడదు. గిన్నె అంచున సొట్ట. చిన్నప్పుడు నరసమ్మే దాన్ని బండకేసి కొట్టి తిట్లు తింది.

"కింద ఏం రాశారు?" అని హెల్గాను అడిగింది.

హెల్గా చదివి ఇంగ్లీషులో చెప్పింది. "ఈ గిన్నె నింపండి."

ఆ ఫొటో తీసిన రోజు నరసమ్మకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఎనభై నాలుగు కరువులో సంస్థ పిలిపించిన ఫొటోల దొర ఒకడు వాళ్ళ పల్లెకు వచ్చాడు. ఇంటి ముందుకు వచ్చేసరికి జీపు పొగలు కక్కి ఆగిపోయింది. దొర ముఖం ఎర్రగా కందిపోయి, గసపెడుతూ అరుగు కింద కూలబడ్డాడు. ఇంట్లో డబ్బా దులిపి కాచిన రాగి అంబలి ఉంది, తల్లీకూతుళ్ళకు ఆ పూటకు. తిప్పమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. గిన్నె నిండా పోసి, ఇంత ఉప్పు వేసి, ఉల్లిపాయ తుంచి తెచ్చి చేతికివ్వబోయింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కెమెరా ఎత్తి టకటకా కొట్టాడు. తర్వాత గిన్నె అందుకుని గటగటా తాగాడు. మళ్ళీ చాచాడు. మళ్ళీ పోసింది. "పాపం, ఎంత ఆకలితో ఉండాడో బిడ్డ" అని జాలిపడింది. ఆ పూట తల్లీకూతుళ్ళు నీళ్ళు తాగి పడుకున్నారు.

ఆ తిప్పమ్మ ఇప్పుడు సబ్బుకూ సిగరెట్టుకూ మధ్య అడుక్కుంటోంది.

"మా అమ్మ" అంది నరసమ్మ, స్తంభం వైపు చెయ్యి చూపించి.

హెల్గా నోరు తెరిచి, నరసమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఎంత గొప్ప సంగతి అంది. ఈ బొమ్మ దేశమంతా ఉంది, దీన్ని చూసే జనం ఇంత సాయం చేశారు, రేపు సాయంత్రం ఈ ఊళ్ళోనే మీ సంస్థ దాతల సభ ఉంది, నువ్వు వేదికెక్కి రెండు మాటలు చెప్పాలి అంది.

"ఇది తీసెయ్యాలి" అంది నరసమ్మ. "మా అమ్మ అడగలేదు. పెట్టింది."

హెల్గాకు అర్థం కాలేదు. చాచిన చేతులు చాచిన చేతులే కదా అన్నట్టు చూసింది.

ఆ రోజంతా తిప్పారు. చర్చి, వంతెన, పడవ ప్రయాణం. రైన్ నది నిండుగా పోతుంటే కుళ్ళాయప్ప రెయిలింగు పట్టుకుని, "దీంట్లోంచి ఒక కాలవ చిలమత్తూరుకు తిప్పుకుంటే సరిపోవును" అన్నాడు, ఆమెను నవ్వించాలని. నరసమ్మ నవ్వలేదు. ఏ వీధి మలుపు తిరిగినా అలాంటి స్తంభం ఉంది. ప్రతి స్తంభం మీదా తిప్పమ్మ ఉంది.

"నోరు మూసుకోనుండుక్కా" అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా. "ఆ పటం పెట్టినందుకే మనూర్లల్లో బోర్లు పడినాయి. చదువు నడిమిట్ల ఇంటికి పంపిస్తే యేం జేస్తావు? వాళ్ళ అన్నం తింటాండాం మనం."

"ముందు వాళ్ళే మా యమ్మ అన్నం తిన్న్యారప్పా. అది యాడ రాసినారు?"



ఆదివారం సాయంత్రం సభకు నరసమ్మ ధర్మవరం పట్టుచీర తీసింది. ఉన్న మంచి చీర అదొక్కటే. హెల్గా మొహమాటపడుతూ, నూలుచీరయితే బాగుంటుందేమో అంది. పట్టుచీర చూస్తే దాతలు అయోమయంలో పడతారట. అడుక్కునేవాళ్ళ ఇంటి పిల్ల ఏ చీర కట్టుకోవాలో కూడా వాళ్ళకు తెలుసన్నమాట. నరసమ్మ పట్టుచీర కుచ్చిళ్ళే సర్దుకుంది.

వేదిక మీద వెనకగోడ నిండా తిప్పమ్మే. నరసమ్మ తనకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. ఆమె ఒక ముక్క చెప్పడం, హెల్గా దాన్ని జర్మనులో చెప్పడం.

"ఈమె మా అమ్మ. పేరు తిప్పమ్మ. పేరు మీరెవరూ రాయలేదు. ఆ గిన్నె నిండుగానే ఉంది. నింపింది మా అమ్మ. ఖాళీ చేసింది ఫొటో తీసినాయన. మా ఊరికి సాయం చేశారు, దానికి దండం పెడతాను. కానీ ఈ బొమ్మ అబద్ధం. దీన్ని తీసెయ్యండి."

హెల్గా గొంతు ఒకచోట తడబడింది గాని, ఒక్క ముక్క మింగకుండా చెప్పింది. నరసమ్మ తిడతారనుకుంది. దింపేస్తారనుకుంది.

చప్పట్లు కొట్టారు.

లేచి నిలబడి మరీ కొట్టారు. ముందువరసలో ముసలావిడ ఏడుస్తూ వచ్చి కౌగిలించుకుంది. ద్వారం దగ్గర "ఈ గిన్నె నింపండి" అని రాసిన డబ్బా చుట్టూ జనం మూగారు. ఏ మాట అబద్ధమని ఆమె చెప్పిందో ఆ మాట దగ్గరికే పోయి నోట్లు వేశారు. అవమానమైనా భరించేదేమో గాని ఆ మెచ్చుకోలు నరసమ్మకు భరించరానిదైపోయింది.

"ఎంత బాగా మాట్లాడావు" అంది హెల్గా కళ్ళు తుడుచుకుంటూ. "వేరే ఊళ్ళలో కూడా ఇలాగే చెప్పాలి."

"బొమ్మ తీసేస్తారా?"

"అన్నీ అచ్చయిపోయాయి కదా, నరసమ్మా."

సోమవారం రైలెక్కేటప్పుడు కూడా తిప్పమ్మ ఆ స్తంభం మీదే ఉంది. నరసమ్మ గోళ్ళతో గీకి చూసింది. గట్టి జిగురు. కింద మూల చిన్న ముక్క మాత్రం ఊడింది.

చదువు పూర్తయి ఇంటికొచ్చాక అమ్మకు చెప్పకూడదనే అనుకుంది. కానీ ఆ సత్తుగిన్నెలోనే తిప్పమ్మ అంబలి పోసి చేతికిచ్చేసరికి ఆగలేకపోయింది. అంతా చెప్పేసింది. తిప్పమ్మ పొయ్యి దగ్గర కూర్చుని విన్నది.

"నేను అడుక్కుంటినంటనా?" అంది చివరికి.

"నింపమని రాసినారు మా."

"నిండుగానే ఉండె కదమ్మే. తొణికి నా చేతులమీద పడె." పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "అంబలి బాగలేదని రాసినా ఊరుకుందును."

నరసమ్మ తల్లి గొంతు అలా పగలడం అంతకుముందు వినలేదు. నాయన పోయిన రోజు కూడా వినలేదు.

మరుసటి ఎండాకాలం సంస్థ జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి నిండా తెల్లపిల్లలు. బెంగళూరులో చదువుకోవడానికి వచ్చారట, మూడు రోజులు సెలవులొస్తే కరువు చూడటానికి బయల్దేరారట. ప్రతి మెడలోనూ కెమెరా. ఎండలో తలలు మాడుతుంటే ఇంటి ముందు నిలబడ్డారు. తిప్పమ్మ వాళ్ళను చూసి, లోపలికి పోయి గిన్నె తీసింది.

"మళ్ళా పోస్తావా మా, వీళ్ళకు?" నరసమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంటి ముందరకొచ్చి ఎండలో నిలబడుకోనుండారు. వాడెవడో బుద్ధి తక్కువ పని చేసినాడని నేను పెట్టేది మానుకోవల్లనా?"

అంచుదాకా పోసి, ఉల్లిపాయ తుంచి, బయటికి తెచ్చింది. అందరికంటే ముందున్న పొడుగు పిల్లవాడికి చాచింది. వాడు చటుక్కున కెమెరా ఎత్తాడు.

తిప్పమ్మ గిన్నె వెనక్కి లాక్కుంది. రొమ్ముకు ఆనించుకుని కొంగు కప్పేసింది.

"చెప్పు నరసా. మా ఇంట్లో గిన్నె రెండు చేతుల్తో తీసుకుంటారని చెప్పు. ఒంటి చేతికి ఇయ్యను."

నరసమ్మ ఇంగ్లీషులో చెప్పింది. కొంచెం గట్టిగానే చెప్పింది. ఆ పిల్లవాడు ఎర్రబడి, కెమెరా తీసి జీపు మీద పెట్టి, రెండు చేతులూ చాచాడు. తిప్పమ్మ అప్పుడిచ్చింది. ఎంత దప్పికగా ఉన్నాడో, తలెత్తకుండా తాగాడు. మూతి చుట్టూ అంబలి అంటుకుంది. తాగి, ఖాళీ గిన్నె మళ్ళీ ముందుకు చాచాడు.

తిప్పమ్మ గిన్నె అందుకోలేదు. పక్కన నిలబడ్డ మిగతా పిల్లల వైపు తిరిగింది.

"ఇప్పుడు తియ్యమను నరసా, పటం."

నరసమ్మ ఆ మాటా చెప్పింది. మిగతా పిల్లలు వాడు చాచిన ఖాళీ గిన్నెనూ, తిప్పమ్మనూ మార్చి మార్చి చూశారు. అన్ని కెమెరాలున్నాయి, ఒక్కరూ ఎత్తలేదు.