ముగ్గు మీద గీత

సూళగిరిలో చెన్నమ్మ చీకటి ఉండగానే లేచి, వాకిలి ఊడ్చి కల్లాపి చల్లుతుంది. ఆమె చల్లిన నీళ్లు గడ్డ కడతాయి. ఎండ ఇంటి కప్పు దాటిందాకా వాకిలంతా పచ్చటి మంచు. వీధిలో అందరికీ అది అలవాటే. పాలు విరిగిపోకుండా క్యాన్లు తెచ్చి ఓ పక్కన పెట్టుకుంటారు. ఎదురింటి మాదప్ప హోసూరు మార్కెట్టుకు పోయే గులాబీ కట్టలు అక్కడే పేర్చి, బండి వచ్చిందాకా టీ తాగుతాడు.

చెన్నమ్మ కొడుకు హేమంత్ ఆ మంచు మీదే నడక నేర్చాడు, జారడం నేర్చాడు. ఇంట్లో ఒకటే కట్టడి. మంచు మీద అమ్మ వేసే ముగ్గు తొక్కకూడదు. తొక్కిన పూట తిండి లేదు. అందుకని వాడు చుక్కల పక్కన వంపులు తిరిగేవాడు. గీత దగ్గరికి రాగానే కాలు దానంతటదే పక్కకు మళ్లేది.

బెంగళూరులో ఐస్ హాకీ ఆడే చోటు ఉందని తెలిసి, పాత స్కేట్లు కొనుక్కుని అక్కడ చేరాడు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి బస్సెక్కేవాడు. ఒక్క రోజు మానలేదు. ఒళ్లు వంచనివాడికి అవకాశం అడిగే హక్కు లేదు, హేమంత్‌కు ఉంది. అయినా లీగు జట్లవాళ్లు కూర్చుని ఆటగాళ్లను పేరు పేరునా పిలిచి తీసుకున్న రోజు, అతని పేరు ఎవరూ పిలవలేదు.

"నీ వేగం ఎవరికీ లేదప్పా," అన్నాడు కోచ్ కుమారేశన్. "మంచు కింద నీలం గీత కనపడితే చాలు, కర్ర కింది బిళ్ళ వదిలేసి పక్కకు పోతావు. అది దాటకుండా గోలు యాడ కొడతావు?"

ముగ్గు సంగతి చెప్పడానికి హేమంత్‌కు సిగ్గేసింది.

కొన్నాళ్లకు ఒక జట్టులో ఒకతనికి మోకాలు దెబ్బతింది. ఆ చోటు కోసం ఒక ఆట ఆడి చూపించమని కబురొచ్చింది. ఇది పోతే మళ్లీ పిలుపు ఉండదని కుమారేశన్ తేల్చి చెప్పాడు.

బయలుదేరే పొద్దున హేమంత్ తల్లికి అంతా చెప్పాడు. చెన్నమ్మ ముగ్గు డబ్బా తీసుకుని వాకిట్లోకి వచ్చింది. గోడ నుంచి గోడదాకా సందు లేకుండా ముగ్గు వేసి, చేతులు దులుపుకుంది.

"తొక్కరా."

"నువ్వేనామ్మా ఈ మాట చెప్పేది?"

"కట్టడి పెట్టింది నేనే, తీసేసేది నేనే. తొక్కు."

హేమంత్ కాలెత్తాడు, దించలేకపోయాడు. "కాలు ఆనడం లేదమ్మా."

మాదప్ప టీ గ్లాసు పట్టుకుని నవ్వాడు. "తొక్కినప్పుడల్లా ఇడ్లీలు ఎత్తి దాచిపెట్టి పెంచినావు కదక్కా. ఇంకేమవుతుంది?"

"నీ పూలు చూసుకోప్పా."

హేమంత్ పెరటి దారిన పోయి బస్సెక్కాడు. చెన్నమ్మ గడప మీద కూర్చుంది. పొద్దున తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు. ఎండ కప్పు దాటినా ఆ రోజు మంచు కరగలేదు. మాదప్ప పూలు బండికెక్కించి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఆట మొదలయ్యే వేళకు మంచు కిర్రుమంది. ముగ్గు అంచు దగ్గర స్కేటు బ్లేడు కోసినట్టు సన్నటి గీత పడింది. అది మెల్లగా చుక్కల దాకా వచ్చి పక్కకు వంగింది.

"మళ్లీ పక్కకే పోతా ఉండాడక్కా."

చెన్నమ్మ లేచింది. తన ముగ్గు తానెన్నడూ తొక్కని మనిషి, నేరుగా పోయి నట్టనడుమ పాదం పెట్టి నిలబడింది. చల్లదనం మోకాళ్లదాకా ఎక్కింది. కాలు తియ్యలేదు.

గీత ఆగింది. వంపు సరిచేసుకుంది. చుక్కలన్నీ కోసుకుంటూ ఆమె కాలి పక్కనుంచి అవతలి గోడదాకా తిన్నగా పోయింది.

తర్వాత హేమంత్ చాలా ఏళ్లు ఆడాడు. ఏ ఏడూ పేర్లు పిలిచే రోజున అతని పేరు పిలవలేదు, ఏ ఏడూ జట్టులో అతని చోటు పోలేదు. అదంతా తర్వాతి మాట. ఆ పూట మాత్రం మంచు కరిగి కాలవలోకి పోతుంటే, చెన్నమ్మ కాళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

అరుగు మీద చెన్నమ్మ ఫోను మోగితే మాదప్ప ఎత్తాడు.

"తెలిసిందిలే నాయనా," అన్నాడు. "మీయమ్మ అన్నం తింటా ఉంది."