కింది పట్టీ

టిఫిను గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి కంప్యూటరు పెట్టేసరికి తెర మీద కొండల బొమ్మ తప్ప ఇంకేమీ కనిపించలేదు. అడుగున అడ్డంగా ఉండాల్సిన పట్టీ మాయమైంది. గడియారం, భాష మార్చే గుర్తు, తెరిచి ఉంచిన ఫైళ్ల వరస, అన్నీ ఆ పట్టీలోనే ఉంటాయి. ఆమె ఆపి మళ్లీ పెట్టింది. మళ్లీ కొండలే. పోనీ పని మొదలుపెడదామని ఫోల్డరులోంచి దిద్దిన పేజీల ఫైలు తెరిచి, అలవాటు కొద్దీ దాన్ని కిందికి దించింది. దించాక పైకి తెచ్చే దారి లేదు. ఫైలు నూతిలో పడ్డ చెంబులా లోపలెక్కడో ఉండిపోయింది.

గోడ గడియారం పదీ ఐదు చూపిస్తోంది. పదకొండున్నరకు ఆమెకు ఇంటర్వ్యూ. బడి పుస్తకాలు అచ్చువేసే సంస్థకు తొమ్మిదేళ్లుగా ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుతోంది. నాలుగు వందల పేజీల్లో ఒక్క దీర్ఘం తప్పిపోయినా ఆమె కంటికి ఇట్టే దొరికిపోతుంది. ఇన్నాళ్లకు ఆ సంస్థ ఎడిటరుగారు తనంతట తానే ఫోను చేసి, "పర్మనెంటు పోస్టు ఒకటి ఖాళీ అయిందండీ. వీడియోలో మాట్లాడుకుందాం. నేనొక పేజీ పంపిస్తాను, నా ఎదురుగానే దిద్ది చూపించండి" అంది. అది ఫోనులో అయ్యే పని కాదు.

భర్తకు ఫోను చేసి, చేతిలో పట్టుకునే తీరిక లేక స్పీకరులో పెట్టింది. అతను ఒక కంపెనీలో ఇంజనీరు. ఇంట్లోని కంప్యూటరుకు విండోస్ బదులు లినక్స్ వేసింది అతనే. "అందరిలా కాదు, మాది లినక్స్" అని ఇంటికి వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంటాడు.

"ఏం నొక్కావు?" అన్నాడు ఆమె మాట పూర్తి కాకుండానే.

"ఏమీ నొక్కలేదండీ. పెట్టేసరికే లేదు."

"నొక్కకుండా ఎలా పోతుంది? దానికేమైనా కాళ్లున్నాయా?"

"ఆపి మళ్లీ పెట్టాను కూడా."

"సరే సరే, ఇంకేమీ ముట్టుకోకు. ఉన్నది కూడా పోతుంది. సాయంత్రం వచ్చి చూస్తా."

"పదకొండున్నరకు నాకు..."

"రేపటికి మార్చమను. ఇదేమన్నా కొంపలు మునిగే పనా?"

ఫోను పెట్టేశాడు. హాల్లోంచి అత్తగారు అంతా విని, "వాడొచ్చి చూస్తాడులేమ్మా. ఈలోపల ఆ ఆరిన బట్టలు మడతపెట్టెయ్, పనయిపోతుంది" అంది. చెడ్డ మనిషేం కాదు. కోడలు ఖాళీగా కనిపిస్తే ఆమెకు చేతిలో ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది, అంతే.

ఆమె కొండల వంక చూస్తూ కూర్చుంది. ఏం నొక్కావు. ఈ మాట ఎన్నిసార్లు విన్నది! ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఏం నొక్కావు. మిక్సీ కాలిపోతే, ఏం వేశావు. కుళాయి కారుతుంటే, ఎలా తిప్పావు. ఇంట్లో ప్రతి వస్తువు మీదా చివరగా పడే చెయ్యి ఆమెదే కాబట్టి, ఆగిపోయిన ప్రతిదానికీ దోషి ఆమే. అదే చేతి మీద రోజూ ఆగకుండా నడుస్తున్నవాటి గురించి ఎవరూ అడగరు. మొన్నెప్పుడో స్నేహితులు వచ్చినప్పుడు అతను, "మా ఆవిడ వేలు పెట్టిందంటే కంప్యూటరు మంచం పట్టినట్టే" అన్నాడు. అందరూ నవ్వారు. టీ కప్పులు అందిస్తూ తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చేసరికి ఇప్పుడు ఒళ్లు మండింది. అతను అన్నందుకు కాదు, తను నవ్వినందుకు.

ఫోను తీసి, పట్టీ పోతే ఏం చెయ్యాలో వెతికింది. లోకంలో తనలాంటివాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అందరూ ఇదే అడిగారు, పాపం. వాళ్లకొచ్చిన జవాబుల్లో సగం, అంతా చెరిపేసి మళ్లీ వేసుకోమనేవి. ఆమె వాటిని దాటేసింది. ఒక అక్షరం తప్పయిందని పుస్తకం చించుకుంటారా? ప్రూఫు దిద్దేటప్పుడు ఊహించకూడదు, ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఎక్కడ తేడా ఉందో అదే చెబుతుంది. ఇదీ అంతే అనుకుని, చెప్పిన మూడు మీటలు కలిపి నొక్కింది. ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది.

"అమ్మాయ్, ఆ ఫోనొకసారి ఇస్తావా? నాదాన్లో చార్జింగు లేదు. చెల్లాయికి చేసుకోవాలి."

"అరగంట ఆగండత్తయ్యా."

"చెల్లాయి భోజనానికి కూర్చుంటుంది మరి."

"కూర్చోనివ్వండి" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పట్టీని మళ్లీ మొదలుపెట్టే ఆజ్ఞ ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. తెర మీద తెలుగు అక్షరాలు పడ్డాయి, అర్థం పర్థం లేకుండా. భాష మార్చే గుర్తేమో ఆ పట్టీలోనే పోయె! దానికి వేరే మీటలున్నాయని ఇంకోచోట చదివి, భాష మార్చి, మళ్లీ కొట్టింది. ఈసారి జవాబు వచ్చింది. పట్టీ ఇదివరకే నడుస్తోందట. ఆ ముక్క మూడుసార్లు చదివింది. అంటే పోలేదు. చెడలేదు. ఎక్కడో నిక్షేపంగా ఉంది, తనకు కనిపించడం లేదంతే. మరి ఎక్కడుంది?

పట్టీ సెట్టింగులు తెరిచి పై నుంచి వరసగా చదువుకుంటూ వచ్చింది. పొడవు సరిగానే ఉంది. రంగు సరిగానే ఉంది. ఏ తెర మీద కనిపించాలి అన్నచోట ఆగింది. అక్కడ రెండో తెర అని ఉంది. ఈ ఇంట్లో రెండో తెరేమిటి? వంగి కంప్యూటరు వెనక చూసింది. లావుపాటి నల్ల తీగ ఒకటి గోడ వెంబడే పోయి, గుమ్మం దాటి హాల్లోకి వెళ్లింది. ఆమె తీగ వెంట నడిచింది. అది టీవీ వెనక్కి పోయి ఆగింది.

ఆదివారం. నిన్నటి మ్యాచి. నలుగురు స్నేహితులు. "పెద్ద తెర మీద చూద్దాంరా" అంటూ అతను తీగలు లాగుతుంటే తను వంటింట్లో మూడోసారి టీ పెడుతోంది.

అత్తగారు సీరియలు చూస్తోంది. కోడలు రిమోటు అందుకుని టీవీని ఆ తీగకు మార్చింది. టీవీ నిండా కొండలు, వాటి అడుగున చెక్కుచెదరకుండా పట్టీ, పట్టీ చివర గడియారం. పది యాభై రెండు.

"ఇదేంటమ్మా, కంప్యూటరు టీవీలోకి వచ్చింది?"

"మీ అబ్బాయి పంపించారత్తయ్యా. ఆదివారం."

అత్తగారు టీవీనీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "మరి నువ్వేదో నొక్కావన్నాడేంటి?" అంది చివరికి, తనలో తాను అనుకున్నట్టుగా.

సెట్టింగుల్లో తెర మార్చగానే పట్టీ గెంతినట్టు కిందికొచ్చి కూర్చుంది. ఫైలు కూడా దొరికింది. ఆ ఉత్సాహంలో ఆగలేక అతనికి ఫోను చేసి చెప్పింది.

"ఓ, అదా! అవును, నేనే మార్చా. మ్యాచి అయ్యాక మర్చిపోయా" అన్నాడు తేలిగ్గా. "ఆ మాత్రం నీకు తెలియొద్దూ?"

ఆమె ఫోను పెట్టేసింది. అనడానికి చాలా ఉంది, కానీ పదకొండుంబావు అవుతోంది.

ఎడిటరుగారు పంపిన లంకె నొక్కితే, వీడియో ప్రోగ్రాము పాతబడింది, కొత్తది వెయ్యాలంది. వెయ్యబోతే పాస్‌వర్డు అడిగింది. ఇది అడ్మిన్ పాస్‌వర్డు. అతనిది. ఏది వెయ్యాలన్నా అతను "లే, నేను కొడతా" అని ఆమెను లేపి, తను కూర్చుని టకటకా కొట్టేవాడు. అలాంటప్పుడు పక్కకు తిరిగి నిలబడటం మర్యాదని ఆమె గోడ వైపు చూసేది. ఫోను చేస్తే కట్ చేశాడు. మీటింగులో ఉన్నానని మెసేజి వచ్చింది.

ఇంకేం చెయ్యాలో తోచక, పోతే పోయిందని, రోజూ పొద్దున కంప్యూటరు తెరవడానికి తను కొట్టే పాస్‌వర్డే కొట్టింది. గీత ఒకటి నిండుతూ ముందుకు సాగింది. అయిపోయిందంది.

వేరే పాస్‌వర్డు లేదు. ఎప్పుడూ లేదు. ఆ కుర్చీలోంచి లేచి గోడ వైపు తిరిగి నిలబడిన తొమ్మిదేళ్లూ తాళంచెవి ఆమె వేళ్లలోనే ఉంది. అతను దాచాడా అంటే, దాచలేదు. చెప్పాడా అంటే, చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. రెండూ దిగమింగి జుట్టు సవరించుకుని, లంకె నొక్కింది.

ఎడిటరుగారు కళ్లజోడు నుదుటికెత్తుకుని మాట్లాడే మనిషి. పరీక్షకని పంపిన పేజీలో ఏడు తప్పులు పెట్టిందట. ఆమె తొమ్మిది పట్టుకుంది. ఎడిటరుగారు కళ్లజోడు దించి ఆ రెండూ చూసుకుని, "ఇవి నావే, అనుకోకుండా దొర్లినవి" అని గట్టిగా నవ్వింది. "ఉద్యోగం మీదేనండీ. ఒక్కటే మాట. ఆఫీసుకు రావచ్చు, లేదా ఇప్పటిలాగే ఇంట్లోంచి చెయ్యొచ్చు. ఇంట్లోంచైతే మీకు వీలనుకుంటా, ఇల్లు చూసుకుంటూ..."

హాల్లోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, నేను పొయ్యి మీద పెట్టిన కూర అడుగంటుతున్నట్టుంది, చూస్తావా?"

"కొంచెం కట్టేయండత్తయ్యా" అని తలుపు వైపు చెప్పి, ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. నిన్నటిదాకా అయితే రెండో మాట లేకుండా ఇంట్లోంచే అనేది. ఇప్పుడామెకు ఒక బల్ల, దాని ముందు ఒక కుర్చీ కనిపించాయి. అక్కడ కూర్చుంటే ఎవరూ లెమ్మనరు. బల్ల మీద కాగితాల కట్ట తప్ప ఇంకేమీ ఉండదు.

"ఆఫీసుకే వస్తానండీ."

"సంతోషం. తొందరేం లేదు, ఇంట్లో ఒకసారి అడిగి చెప్పండి."

"అడగక్కర్లేదండీ" అందామె. "చెప్తాను."