వరసకి ఏడుగురు

“అక్కా, రేపు పదింటికి వరస ఉంది. ఏడుగురు కావాలి. పొడుగువాళ్ళు” అన్నాడు రైటరు, క్యాంటీన్ కిటికీలోంచి తల లోపలికి పెట్టి. రెండు కాఫీలు పంపమన్నంత తేలిగ్గా అన్నాడు. పోలీస్ స్టేషన్లో కాగితాల పనంతా అతనిదే.

వరస అంటే గుర్తింపు పరేడు. అనుమానితుణ్ణి అతనిలాంటి మరో ఏడుగురి మధ్య నిలబెడతారు. సాక్షి వచ్చి ఎనిమిది మొహాలూ చూసి, వీడే అని చెప్పాలి. ఆ ఏడుగురినీ తెచ్చే పని ఎలాగో అక్క నెత్తిన పడింది. పదకొండేళ్ళ కిందట స్టేషన్ వెనక ఈ క్యాంటీన్ దొరికిన కొత్తలో అప్పటి ఎస్సై అడిగాడు. కాదంటే క్యాంటీన్ ఊడుతుందేమోనని తెచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చెప్పేవాళ్ళు అప్పుడు పక్కన లేకపోయారు.

పోనీ ఏడుస్తూ చేసిందా అంటే అదీ లేదు. ఆ పనంటే ఆవిడకి కాస్త గర్వమే, దాచడమెందుకు? ఈడూ జోడూ, ఒడ్డూ పొడుగూ, మీసమూ జుట్టూ అన్నీ చూసి, తెగిపోయిన గుండీకి జత వెతికినంత శ్రద్ధగా మనుషుల్ని ఏరి తెచ్చేది. “అక్క తెచ్చిన వరసలో దొంగెవడో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు” అని ఎస్సైలు మెచ్చుకుంటే మురిసిపోయేది.

వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆవిడ ఉండేది కాలువ అవతల. అవతలివాళ్ళు నల్లగా ఉంటారు. పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఇవతలివాళ్ళు బస్సులో నిలబడే వెళ్ళేటంత నలుపు. ఊళ్ళో ఏ మూల సూది పోయినా జీపు ముందు వంతెన దాటుతుంది. పట్టుబడేది అవతలివాళ్ళే కాబట్టి, వాళ్ళ పక్కన నిలబడ్డానికీ అవతలివాళ్ళే కావాలి.

“ఈసారి ఎవరు రైటరు గారూ?” అంది అక్క, గ్లాసు అందిస్తూ.

రైటరు గొంతు తగ్గించాడు. “కాంట్రాక్టరు గారబ్బాయి.”

సంగతి ఆవిడకీ తెలుసు. మంగళవారం పొద్దున్న ఆరున్నరకి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ నడకకి వెళ్తుంటే, బైకు మీద వచ్చిన కుర్రాడెవడో చేతిసంచీ లాక్కుపోయాడు. ఆవిడ కిందపడి మణికట్టు విరిగింది. దారినపోయే వాళ్ళెవరో బండి నంబరు రాసుకున్నారు. తీరా చూస్తే బండి కాంట్రాక్టరు కొడుకుది, సంచీ ఆ బండి పెట్టెలోనే ఉంది. స్నేహితులతో పందెం కాశాడట. కడుపు నిండినవాడి సరదాలు అలాగే ఉంటాయి.

“మరి ఆ అబ్బాయి ఎర్రగా బుర్రగా ఉంటాడు కదా. ఇవతలివాళ్ళని పిలవాలేమో?”

“బాగుంది. ఇవతలివాళ్ళు దొంగల వరసలో నిలబడతారా అక్కా? పరువుండదూ! నీవాళ్ళనే తే. పొడుగు సరిపోతే చాలు.”

ఆరుగురు దొరికారు. ఏడోవాడు జ్వరమని మంచమెక్కాడు. గ్లాసులు కడుగుతున్న తమ్ముడి వంక చూసింది అక్క. తమ్ముడికి ముప్పై రెండేళ్ళు. అతన్ని అందరూ నిచ్చెన అంటారు. పై అరలో డబ్బా దించాలంటే స్టూలు వెతుక్కోనక్కర్లేని మనిషి. తెల్లారి ఆరింటికల్లా అక్కతో పాటు వచ్చి, పొయ్యి వెలిగించి, స్టేషన్లో బల్ల బల్లకీ కాఫీ అందించేది అతనే.

“నువ్వొచ్చి నిలబడరా ఒక్క పది నిమిషాలు.”

“సరేలే. పొద్దస్తమానం నిలబడే ఉంటున్నా. ఆ గోడకైతే ఆనుకోవచ్చు” అన్నాడు నిచ్చెన చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు పాత ఫైళ్ళ గదిలో ఎనిమిదిమంది గోడకి నిలబడ్డారు, చేతుల్లో నంబరు అట్టలతో. నిచ్చెన మూడో నంబరు. కాంట్రాక్టరు కొడుకు ఆరో నంబరు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు. బొగ్గుల బుట్టలో పడ్డ గుడ్డులా ఉన్నాడు. ఎస్సై పక్కన కాంట్రాక్టరు పెట్టుకున్న వకీలు నిలబడ్డాడు. అక్క కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ చేతికట్టుతో వచ్చింది. పాపం, మంచావిడే. ఆరో నంబరు ముందు ఆగి, “ఈ బాబు కాదు. మంచి కుటుంబంలో పిల్లాడిలా ఉన్నాడు” అంది. వెనక్కి వచ్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ ఎవడూ తడుముకోలేదు, ఆవిడే వచ్చి మూడో నంబరు భుజం తట్టింది.

“ఇతను. ఈ మొహం నాకు బాగా తెలుసు.”

వరసలో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. నిచ్చెన కూడా నవ్వేశాడు. “తెలియకేం అమ్మగారూ! కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చారు కదా, మొన్న మంగళవారం. చెయ్యి నొప్పని గ్లాసు పట్టుకోలేకపోతే కాఫీ నేనే తాగించాను.”

“అవునా నాయనా? ఏమో మరి. మొహం మాత్రం తెలుసు” అంది ఆవిడ, కంగారుగా ఎస్సై వంక చూస్తూ.

ఎస్సై నవ్వలేదు. వకీలు అతని చెవిలో ఏదో అన్నాడు. “వరస అయిపోయింది. అందరూ వెళ్ళొచ్చు. నిచ్చెనా, నువ్వాగు, పనుంది” అన్నాడు ఎస్సై. కుర్చీలు సర్దించడానికేమో అనుకుంది అక్క. బయట వరండాలో కాంట్రాక్టరు కొడుక్కి కాఫీ కూడా ఇచ్చింది. “థాంక్స్ ఆంటీ” అని తాగేసి, తండ్రి కారెక్కి వెళ్ళిపోయాడు వాడు.

మధ్యాహ్నం రెండయింది. కడగాల్సిన గ్లాసులు గుట్టపడ్డాయి. తమ్ముడు రాలేదు. విసుక్కుంటూ లోపలికి వెళ్ళిన అక్కకి, వాడు లాకప్ ఊచల వెనక నేల మీద కూర్చుని కనిపించాడు. చొక్కా విప్పించేశారు. కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు.

అక్క రైటరు బల్ల దగ్గరికి పరిగెత్తింది. “ఏంటిది రైటరు గారూ? పరాచికాలా?”

“సాక్షి గుర్తుపట్టింది అక్కా. మేమేం చేస్తాం?”

“మంగళవారం పొద్దున్న ఆరున్నరకి వాడెక్కడున్నాడు? ఈ బల్ల మీద మీకు కాఫీ పెట్టింది ఎవరు? ఎస్సై గారు చక్కెర ఎక్కువైందని తిట్టింది ఎవర్ని?”

రైటరు తల ఎత్తలేదు. “నాకంత గుర్తులేదు.”

“గేటు పుస్తకం తియ్యండి. వచ్చేటప్పుడు సెంట్రీ రోజూ రాస్తాడుగా!”

కాదనలేక తీశాడు. మంగళవారం పేజీ ఉంది. చిరగలేదు, దిద్దలేదు. ఆరు గంటలకి, సెంట్రీ గుండ్రటి అక్షరాలతో, ‘క్యాంటీన్ – ఇద్దరు’ అని ఉంది. ముందు రోజూ అంతే. ముందు నెలా అంతే. కరెంటు మీటరు చూసేవాడు వచ్చినా పేరూ ఇంటిపేరూ రాసిన ఆ పుస్తకంలో, పదకొండేళ్ళుగా అక్కా తమ్ముళ్ళు ‘ఇద్దరు’.

“ఆ ఇద్దరిలో మీవాడు ఒకడని ఎక్కడుంది అక్కా?” అన్నాడు రైటరు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాడు.

“సరే, ఇది వదిలెయ్యండి. వాణ్ణి అనుమానితుడని ఎవరు పట్టుకొచ్చారు? నేనే కదా తెచ్చాను, ఏడుగురిలో ఒకడిగా! ఆ సంగతి కాగితం మీద ఉండాలిగా!”

రైటరు ఒక ఫైలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. వరస ఫారం. అనుమానితుడు: మూడో నంబరు. స్వచ్ఛందంగా నిలబడినవారు: మిగతా ఏడుగురు. అంటే కాంట్రాక్టరు కొడుకు కూడా, పుణ్యానికి వచ్చి నిలబడిన పెద్దమనిషి! అడుగున, ‘పై ఏడుగురినీ నేనే తీసుకువచ్చాను, పై వివరాలు నిజం’ అన్న మాట కింద సంతకం. వంకర టింకర అక్షరాలు. అక్కవే.

నిజంగా ఆవిడవే. ప్రతి నెలా మొదట్లో రైటరు పది ఫారాలు పట్టుకొచ్చేవాడు. “వరస ఉన్నరోజు నీకు కాఫీల హడావిడి, ఇప్పుడే పెట్టెయ్ అక్కా” అనేవాడు. పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కంట కనిపెడుతూ, తడి చెయ్యి నడుముకి తుడుచుకుని, ఖాళీ ఫారాల కింద గబగబా పెట్టేసేది. సంతకం పెట్టడం వచ్చినందుకు అదో సంబరం కూడా.

అప్పుడు ఆవిడకి తమ వీధిలో బట్టలు కుట్టేవాడి తల్లి గుర్తుకొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆ ముసలిది ఇంటి ముందు కూలబడి, “మావాడు నీ వెంట నిలబడ్డానికొచ్చినవాడే కదమ్మా, వాణ్ణి లోపలేశారేంటి?” అని ఏడిచింది. అక్క రైటరుని అడిగింది. వాడి మీద అంతకు ముందే అనుమానం ఉందన్నాడు. అక్క నమ్మింది. ఆ ముసలిదానితో “నిప్పు లేనిదే పొగ రాదు పెద్దమ్మా” అని, తలుపేసుకుంది. వాడింకా జైల్లోనే ఉన్నాడు.

“రైటరు గారూ, ఆ పాత ఫారాలు ఒకసారి చూపించండి.”

“అవన్నీ నీకెందుకు?” రైటరు ఫైలు మూసేశాడు. తరవాత కాస్త మెత్తబడ్డాడు. “చూడక్కా, నీ మంచికోరి చెబుతున్నా. ఖాళీ కాగితం మీద పెట్టానన్నావో, నువ్వూ లోపలికే. నోరు మూసుకుంటే వాడికి మూడేళ్ళు పడుతుందేమో, క్యాంటీన్ నీకుంటుంది.”

కాలువ అవతల మరదలు ఏడవలేదు. మొగుడు లాకప్పులో ఉన్నాడని వినగానే పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. “వాళ్ళని తిట్టి ఏం లాభం వదినా? నిలబెట్టింది నువ్వు” అంది. అంతే. ఆ తరవాత మూడు వారాలూ ఒకే ఇంట్లో ఉండి ఆవిడతో మాట్లాడలేదు. అక్కకి అన్నం సహించలేదు. వీధిలో నడుస్తుంటే మగవాళ్ళని చూసి, వీడు ఆ వరసలో నిలబడ్డాడు, వాడి అన్న ఇంకో వరసలో నిలబడ్డాడు అని లెక్క దానంతటదే సాగేది. అందర్నీ తనే తీసుకెళ్ళింది.

కేసు రోజుకి ఒక నిశ్చయానికి వచ్చింది. క్యాంటీన్ పోతే పోనీ, తను జైలుకెళ్తే వెళ్ళనీ. తమ్ముడు బయటికి రావాలి. ఉన్నదున్నట్టు చెప్పేస్తే ఏ న్యాయాధికారైనా ఉలిక్కిపడతాడు, పడకుండా ఎలా ఉంటాడు? రాత్రంతా అదే మాట తనకి తాను చెప్పుకుంది.

కోర్టు హాలు పొడుగాటిది, పైన పాత ఫ్యాన్లు గరగరమంటున్నాయి. తమ్ముడు అటు బోనులో, సన్నబడి, ఇంకా పొడుగ్గా కనిపించాడు. సర్కారు వకీలు ఫారం చూపించాడు.

“ఈ సంతకం మీదేనా?”

“నాదేనండి. కానీ నేను పెట్టినప్పుడు దాని మీద ఒక్క అక్షరం లేదండి. ఖాళీ కాగితం. వీడు నా తమ్ముడు. దొంగ పక్కన నిలబడ్డానికి నేనే తీసుకొచ్చాను. ఆ ఆరో నంబరు అబ్బాయి కోసం పెట్టిన వరస అది. సంచీ ఆ అబ్బాయి బండిలో దొరికింది. ఇదొక్కటే కాదండి, పదకొండేళ్ళుగా అన్ని ఫారాలూ ఇంతేనండి. అన్నీ ఖాళీవే. మా వీధిలో బట్టలు కుట్టేవాడు ఒకడున్నాడు, వాడూ ఇలాగే వెళ్ళాడండి. నన్ను జైల్లో పెట్టండి, పెట్టించుకుంటాను. ఆ కాగితాలన్నీ బయటికి తియ్యండి బాబూ!”

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి అక్క వంక చాలాసేపు చూశాడు. విన్నాడు, ప్రతి మాటా విన్నాడు, అది ఆయన మొహంలోనే కనిపించింది. తరవాత బల్ల మీద పేర్చి ఉన్న మిగతా కేసుల కట్టల వంక చూసి, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

“సంతకం తనదేనని సాక్షి ఒప్పుకుంది. టైపు చెయ్యమ్మా.”

టైపిస్టు చేసింది. టకటకమని ఒక్క వరుస పడింది.

“మిగతాదండీ?” అంది అక్క.

“మిమ్మల్ని అడిగింది సంతకం గురించి. దిగండి.”

దిగింది. ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. గోడ పక్కనుంచి తమ్ముణ్ణి తీసుకెళ్తున్న కానిస్టేబుల్, పాత కాఫీల మొహమాటం కాబోలు, ఒక్క నిమిషం ఆగాడు. బోను హాలుకి ఆ చివర. తమ్ముడికి మేజిస్ట్రేటు మాట వినబడలేదు. అక్క అంతసేపు చెప్పడం చూశాడు, ఆ తరవాత టైపు చెయ్యడం చూశాడు. మూడు వారాల్లో మొదటిసారి మొహం విప్పారింది.

“మొత్తం చెప్పేశావుగా అక్కా! రాసుకున్నారు కూడానూ. ఇంక ఇంటికే కదా?”

“ఊఁ” అంది అక్క.

“పద పద” అన్నాడు కానిస్టేబుల్.

రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అన్నాడు తమ్ముడు, “నీ మరదలికి చెప్పు, సాయంత్రానికి వచ్చేస్తానని.”